చిన్న పీసుల లెక్క: చేత్తోనా, మామూలు కాటాతోనా, కౌంటింగ్ కాటాతోనా? ఏది మేలు?

సంచి మీద రెండు వేల నట్లు అని రాసి ఉంది. నిజంగా రెండు వేలున్నాయా? ఈ ఒక్క ప్రశ్న తేల్చడానికి స్టోర్స్‌లో నాలుగు దారులున్నాయి. కూర్చుని చేత్తో లెక్కపెట్టొచ్చు. మామూలు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి క్యాలిక్యులేటర్‌తో భాగించొచ్చు. ఈ పని కోసమే తయారుచేసిన కౌంటింగ్ కాటా వాడొచ్చు. అదీ చాలదంటే, ఒక్కో పీసూ సెన్సర్ ముందు నుంచి జారిపడేలా చేసి లెక్కించే యంత్రం పెట్టుకోవచ్చు.

నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. రోజూ వేలల్లో పీసులు వచ్చిపోయే చోట కౌంటింగ్ కాటాయే మేలు. కాకపోతే ఒక మెలిక ఉంది. మంచి కౌంటింగ్ కాటా కొని, దాని మీద పది నట్లు వేసి సరిపెట్టేవాళ్ల లెక్క కంటే, మామూలు కాటా మీద ఐదొందల నట్లు ఓపిగ్గా లెక్కపెట్టి వేసినవాళ్ల లెక్కే నిజానికి దగ్గరగా ఉంటుంది. తప్పు ఎక్కువసార్లు కాటాలో ఉండదు, మనం పెట్టే శాంపిల్‌లో, అంటే సగటు బరువు కోసం ముందుగా లెక్కపెట్టి తూచే ఆ కొన్ని పీసుల్లో ఉంటుంది. ఎందుకో కింద లెక్కలతో చూద్దాం.

చేతి లెక్క

చేత్తో లెక్కపెట్టడమంటే చాలామందికి చిన్నచూపు. కానీ మిగతా ఏ పద్ధతికీ లేని గుణం దానికొకటి ఉంది. లెక్కపెట్టే మనిషి ప్రతి పీసునూ కళ్లతో చూస్తాడు. 16 మిల్లీమీటర్ల స్క్రూల మధ్య 12 మిల్లీమీటర్లవి కలిసిపోయినా, నట్టుకు లోపల మర పడకపోయినా, తుప్పు పట్టినా పక్కన పెడతాడు. కాటాకు ఆ బాధ లేదు. స్క్రూల మధ్య ఇనుప రజను ఉన్నా, సంచిలో తేమ పీల్చే చిన్న పొట్లం ఉండిపోయినా, అన్నింటినీ స్క్రూల కిందే జమకట్టి ఏ సంకోచం లేకుండా ఒక అంకె చూపిస్తుంది.

ఇక లోపమంటారా, అది అందరికీ అనుభవమే. ఐదేసి చొప్పున లాగుతూ, ఇరవై లాగుళ్లకు వంద అనుకుంటూ, వందకో కుప్ప పెడుతూ పోతాం. పదకొండో కుప్ప దగ్గర ఎవరో పిలుస్తారు. తిరిగి వచ్చాక ఇది సగం కుప్పా, నిండు కుప్పా అన్న అనుమానం. ఇంకొకరితో లెక్కపెట్టిస్తే 1,994 వస్తుంది, మనకు 2,005 వచ్చింది. ఎవరిది ఒప్పు? మూడోసారి లెక్కపెడితే మూడో అంకె వస్తుంది. అందుకే 200 లోపు పీసులైతే నేను ఇప్పటికీ చేత్తోనే లెక్కపెడతాను. అది దాటితే నా మీద నాకే నమ్మకం ఉండదు.

చేతి లెక్కకు చిన్న ఉపాయం ఒకటుంది. వంద గుంటలున్న పలక మీద పీసులు పోసి అటూ ఇటూ ఊపితే గుంటకొకటి చొప్పున కూర్చుంటాయి. మిగిలినవి పక్కకు జారిపోతాయి. గుంటలన్నీ నిండితే సరిగ్గా వంద. బాల్ బేరింగు గుళ్లకు, గుండ్రటి వాటికి ఇది భలేగా పనిచేస్తుంది. స్ప్రింగులకూ పొడుగు స్క్రూలకూ పనికిరాదు.

మామూలు కాటా, పక్కన క్యాలిక్యులేటర్

సూత్రం చాలా తేలిక. కొన్ని పీసులు లెక్కపెట్టి తూచి, ఒక్కోదాని సగటు బరువు తీస్తాం. మొత్తం బరువును ఆ సగటుతో భాగిస్తే పీసుల సంఖ్య వస్తుంది. కౌంటింగ్ కాటా చేసేదీ ఇదే. మరి వేరే కాటా ఎందుకు?

30 కిలోల కాటా ఒకటి ఉంది, అది ఐదేసి గ్రాముల మెట్లలో చూపిస్తుంది అనుకుందాం. అంటే తెర మీద 25 అని కనిపిస్తే అసలు బరువు 22.5 నుంచి 27.5 దాకా ఎంతైనా కావచ్చు. ఎం6 నట్టు, అంటే 6 మిల్లీమీటర్ల బోల్టుకు పట్టేది, ఒక్కోటి సుమారు రెండున్నర గ్రాములుంటుంది. పది నట్లు వేస్తే 25 గ్రాములు. కాటా 25 అనే చూపించినా, దాని వెనక పది శాతం అటూ ఇటూ దాగి ఉంది. రెండు వేల నట్ల సంచి ఐదు కిలోలు తూగుతుంది. ఆ శాంపిల్‌తో భాగిస్తే జవాబు 1,818 నుంచి 2,222 దాకా ఎక్కడైనా పడొచ్చు. కాకిలెక్కలంటే ఇవే.

అదే కాటా మీద 200 నట్ల శాంపిల్ వేయండి. అది 500 గ్రాములు, దాంట్లో రెండున్నర గ్రాముల అనుమానమంటే అర శాతం. రెండు వేలకు పది నట్ల తేడా. శాంపిల్ వెయ్యి నట్లయితే తేడా రెండు నట్లకు దిగుతుంది. కాటా మారలేదు, మన ఓపిక మారింది. అయితే రెండు వేలు తేల్చడానికి వెయ్యి చేత్తో లెక్కపెట్టాలంటే, మిగతా వెయ్యి కూడా లెక్కపెట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. ఒకే రకం సరుకు యాభై సంచులు వచ్చినప్పుడు మాత్రం ఆ వెయ్యి లెక్కపెట్టిన శ్రమ వృథా పోదు.

సన్నటి పీసుల దగ్గర మామూలు కాటా చేతులెత్తేస్తుంది. ఎం3 వాషర్ ఒక్కోటి దాదాపు 0.12 గ్రాములు. ఐదొందల వాషర్లు వేసినా 60 గ్రాములే. అందులో రెండున్నర గ్రాముల అనుమానమంటే నాలుగు శాతం పైనే. ఇక్కడ ఎంత ఓపికున్నా లాభం లేదు.

కౌంటింగ్ కాటా లోపల ఏముంది?

బయటకు చూస్తే తేడా అల్లా మూడు తెరలే. ఒకటి మొత్తం బరువు, రెండోది ఒక్కో పీసు బరువు, మూడోది పీసుల సంఖ్య చూపిస్తాయి. లోపల బరువును పసిగట్టే భాగం, లోడ్ సెల్, చాలావరకు మామూలు కాటాలో ఉండేలాంటిదే. ఒక అల్యూమినియం దిమ్మ మీద సన్నటి స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి ఉంటాయి. బరువు పడినప్పుడు దిమ్మ కంటికి కనిపించనంత వంగుతుంది. గేజ్‌ల విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును సర్క్యూట్ అంకెగా మారుస్తుంది.

అసలు తేడా ఆ అంకెను ఎంత సన్నగా కోస్తుందన్న దగ్గర ఉంది. మామూలు కాటా తెర మీద చూపించే మెట్టునే లెక్కలోకి తీసుకుంటుంది. కౌంటింగ్ కాటా తెర మీద 30 వేల భాగాలు చూపిస్తూ, లోపల మాత్రం లక్షల్లో భాగాలు చూసుకుంటుంది. 30 కిలోల సామర్థ్యాన్ని లోపల ఆరు లక్షల భాగాలు చేసే కాటా అయితే ఒక్కో భాగం 0.05 గ్రాము. మన పది నట్ల 25 గ్రాములలో అనుమానం ఇప్పుడు 0.025 గ్రాము, అంటే వెయ్యిలో ఒక వంతు. పది శాతం ఉన్నది 0.1 శాతానికి వచ్చింది. రెండు వేల నట్లకు రెండు నట్ల తేడా. ఇంత చిన్న శాంపిల్‌తో ఇంత దగ్గరి లెక్క మామూలు కాటా ఇవ్వలేదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లోపలి భాగాల సంఖ్యనే కాటా కచ్చితత్వం అనుకుంటారు. అది కాదు. లోపలి భాగమంటే కాటా ఎంత సన్నగా చూడగలదో చెప్పేదే గానీ, చూసింది ఎంత నిజమో చెప్పేది కాదు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే, పక్క గదిలో ప్రెస్ దడదడలాడుతుంటే, స్విచ్ వేసి రెండు నిమిషాలే అయి లోపల ఎలక్ట్రానిక్స్ ఇంకా వేడెక్కకపోతే, ఆ చివరి అంకెలు ఊగుతూనే ఉంటాయి. ఊగుతున్నప్పుడు శాంపిల్ బటన్ నొక్కితే ఆ ఊపు యూనిట్ బరువులోకి, అంటే ఒక్కో పీసు బరువులోకి, ఎక్కి కూర్చుంటుంది. తర్వాత తూచే ప్రతి సంచికీ అంటుకుంటుంది.

కాటాను గట్టి బల్ల మీద పెట్టి, గాలి తగలకుండా చూసి, ఓ అరగంట ముందే ఆన్ చేసి, శాంపిల్‌ను పళ్లెం మూలన కాకుండా మధ్యలో వేస్తే సగం జబ్బులు పోతాయి. ప్లాస్టిక్ సంచులకు ఉండే స్టాటిక్ కరెంటు కూడా సన్నటి తూకాలను కదిలిస్తుంది. వాషర్లు తూచేటప్పుడు ప్లాస్టిక్ కవర్ కంటే చిన్న లోహపు గిన్నె మేలు.

పదా, వందా?

కాటా వల్ల వచ్చే తప్పు తగ్గిపోయాక అసలు దొంగ బయటపడతాడు. పీసులన్నీ ఒకే బరువు ఉండవు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. పీసుల లెక్కలో ఆ సామెత అస్సలు పనికిరాదు. పట్టుకున్న మెతుకు పక్క మెతుకు కంటే ఒక శాతం లావుంటే, వెయ్యికి పది తేడా కొట్టేస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. పీసుల బరువుల్లో మామూలుగా ఉండే తేడా ఒక శాతం అనుకోండి. శాంపిల్‌లో ఎన్ని పీసులు వేశామో దాని వర్గమూలంతో ఆ ఒక శాతాన్ని భాగిస్తే, మన సగటులో ఉండే తప్పు తెలుస్తుంది. పది పీసులు వేస్తే వర్గమూలం సుమారు 3.16, కాబట్టి తప్పు 0.32 శాతం. వంద వేస్తే వర్గమూలం పది, తప్పు 0.1 శాతం. రెండు వేల నట్ల సంచిలో మొదటిది మామూలుగా ఆరేడు నట్ల తేడా తెస్తుంది, అదృష్టం బాగోకపోతే పన్నెండు, పదమూడు కూడా. రెండోది రెండు, మహా అయితే నాలుగు.

ఈ తప్పును ఎంత డబ్బు పెట్టి కాటా కొన్నా తగ్గించలేం. పది లక్షల భాగాలు చూసే కాటా కూడా, తన ముందున్న పది నట్లు మిగతా రెండు వేలకు సరైన ప్రతినిధులా కాదా అన్నది చెప్పలేదు. మొదట్లో చెప్పిన మెలిక ఇదే. మామూలు కాటా మీద ఐదొందల ఎం6 నట్లు వేస్తే కాటా వల్ల వచ్చే తప్పు ఎంత ఎక్కువనుకున్నా 0.2 శాతం, నట్ల మధ్య తేడా వల్ల వచ్చేది 0.05 శాతం కూడా ఉండదు. రెండూ కలిపినా, మంచి కాటా మీద వేసిన పది నట్ల శాంపిల్ కంటే తక్కువే.

మర తిప్పి చేసిన లోహపు పీసుల్లో తేడా తక్కువ ఉంటుంది. పోత పోసినవాటిలో, రబ్బరు అచ్చుల్లో తేడా ఎక్కువ. ప్లాస్టిక్ పీసుల్లో ఇంకో తిరకాసుంది. ఒకే అచ్చులో ఎనిమిది గుంటలుంటే, ఒక్కో గుంటలోంచి వచ్చే పీసు బరువు కాస్త వేరుగా ఉంటుంది. సంచి పైన దొరికిన గుప్పెడు పీసులు ఏ రెండు గుంటల్లోవో అయితే సగటు పక్కదారి పడుతుంది. అందుకే శాంపిల్‌ను సంచి పైనుంచి ఒకే గుప్పెడు కాకుండా, పైనా మధ్యా అడుగునా కొంచెం కొంచెం తీయాలి.

మరి ప్రతిసారీ వంద చేత్తో లెక్కపెట్టడం కష్టం కదా? దానికి కౌంటింగ్ కాటాలోనే ఒక దారుంది, నాకు బాగా నచ్చిందీ అదే. పీసుల సంఖ్య ఎప్పుడూ పూర్ణాంకమే. లెక్కలో తప్పు అర పీసు కంటే తక్కువున్నంత సేపు, కాటా దగ్గరి పూర్ణాంకానికి సర్దేటప్పుడు ఆ తప్పు పూర్తిగా మాయమైపోతుంది. ఒక శాతం తేడా ఉన్న పీసుల్లో పది శాంపిల్‌తో మొదలుపెడితే, సుమారు 70 పీసుల దాకా కాటా చెప్పే అంకెను ఒక్కటి కూడా పోకుండా నమ్మొచ్చు. కాబట్టి పది లెక్కపెట్టి వేయాలి, ఆ తర్వాత లెక్కపెట్టకుండా ఓ గుప్పెడు వేయాలి. కాటా 63 అంటే అది 63 అన్నట్టే. ఇప్పుడు ఆ 63ను కొత్త శాంపిల్‌గా పెట్టమని చెప్పాలి. చాలా కాటాలు ఈ పని వాటంతట అవే చేసుకుంటాయి. ఇంకో గుప్పెడు వేస్తే 150 దాటుతుంది, దాన్నీ శాంపిల్ చేసుకుంటుంది. చేత్తో లెక్కపెట్టింది పదే గానీ, చేతిలో ఉన్నది నూట యాభై పీసుల సగటు. తొందరపడి ఒకేసారి సంచంతా గుమ్మరిస్తే మాత్రం ఈ మెట్లన్నీ దాటేసినట్టే, మళ్లీ పది నట్ల లెక్కే మిగులుతుంది.

ఇదే సూత్రంతో ఇంకో పని కూడా చేయొచ్చు. లెక్క ఒక్కటి కూడా తప్పకూడదు అన్నచోట, వంద పీసుల శాంపిల్ ఉంటే, సరుకును రెండొందల లోపు వాయిలుగా విడగొట్టి తూచాలి. ఒక్కో వాయిలో తప్పు అర పీసు దాటదు కాబట్టి సర్దుబాటులో పోతుంది. అన్నీ కలిపితే మొత్తం సరిపోతుంది. రెండు వేలూ ఒకేసారి తూస్తే ఈ సౌకర్యం ఉండదు.

దాచిన బరువా, తాజా శాంపిలా?

కౌంటింగ్ కాటాలో వందల రకాల పీసుల యూనిట్ బరువులు దాచిపెట్టుకోవచ్చు. కోడ్ కొట్టగానే బరువు వచ్చేస్తుంది, శాంపిల్ గొడవ ఉండదు. వినడానికి హాయిగా ఉంటుంది. నాకు మాత్రం దీనితోనే ఎక్కువ దెబ్బలు తగిలాయి.

ఒకసారి స్టాక్ లెక్కలో ఎం3 వాషర్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ తేలాయి. తక్కువైతే ఎక్కడో పోయాయనుకుంటాం, ఎక్కువ ఎలా వస్తాయి? రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసిందేమిటంటే, కాటాలో దాచిన బరువు పూత లేని వాషర్‌ది, డబ్బాలో ఉన్నవి జింకు పూత వేసినవి. కంటికి కనిపించని పూతకు అంత బరువుంటుందా అనుకున్నాను. లెక్క వేస్తే నోట మాట రాలేదు. ఎం3 వాషర్ బయటి వ్యాసం 7 మిల్లీమీటర్లు, చిల్లు 3.2, మందం అర మిల్లీమీటరు. రెండు ముఖాలూ అంచులూ కలిపి పైభాగం సుమారు 77 చదరపు మిల్లీమీటర్లు. దాని మీద 8 మైక్రాన్ల జింకు పూత అంటే దాదాపు 4.4 మిల్లీగ్రాములు. వాషర్ మొత్తమే 120 మిల్లీగ్రాములు. అంటే మూడున్నర శాతం పైనే పెరిగింది. వెయ్యి పూత వాషర్లను పూత లేని బరువుతో లెక్కిస్తే కాటా 1,037 దాకా చూపిస్తుంది. పీసు ఎంత సన్నదైతే పూత వాటా అంత పెద్దది.

రేకు నుంచి కోసిన పీసులదీ ఇదే కథ. రేకు చుట్ట మారితే మందం కొంచెం మారుతుంది, బరువూ మారుతుంది. నైలాన్ పీసులైతే గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అచ్చులోంచి తాజాగా వచ్చిన పొడి నైలాన్ 6 పీసు, మామూలు తేమ ఉన్న గదిలో చాలాకాలం ఉంటే దాని బరువు సుమారు రెండున్నర శాతం పెరుగుతుంది. పీసులేమీ పిల్లలు పెట్టలేదు, నీళ్లు తాగాయంతే. నూనె రాసిన స్క్రూలకూ ఇలాంటి తంటానే. డబ్బా అడుగున నూనె తడి ఎక్కువ, పైన తక్కువ.

తాజా శాంపిల్‌కు ఇంకో లాభముంది, దాన్ని చాలామంది గమనించరు. పీసుల లెక్క ఒక నిష్పత్తి. శాంపిల్ బరువూ, సంచి బరువూ ఒకే కాటా మీద, ఒకే చోట తూస్తే, కాటా రెండింటినీ ఒకే పాళ్లలో తప్పు చూపించినా భాగహారంలో ఆ తప్పు కొట్టుకుపోతుంది. కాటా అర శాతం ఎక్కువ చూపిస్తున్నా పీసుల సంఖ్య సరిగ్గానే వస్తుంది. దాచిన బరువు వేరే కాటా మీద తీసిందైతే ఈ రక్షణ పోతుంది. రెండు కాటాల మధ్య తేడా అంతా లెక్కలోకి దిగుతుంది. భూమధ్యరేఖ దగ్గర గురుత్వ త్వరణం 9.78, ధ్రువాల దగ్గర 9.83. అంటే ఒక చోట సరిచేసిన కాటాను దూర ప్రాంతానికి తీసుకెళ్లి, అక్కడి రాళ్లతో మళ్లీ సరిచేయకుండా వాడినా చిన్నపాటి తేడా వస్తుంది. తాజా శాంపిల్ తీస్తే అదీ పోతుంది. కాటా మీద నమ్మకం తక్కువున్నకొద్దీ తాజా శాంపిలే దిక్కు.

అలాగని దాచిన బరువులు దండగ అనను. మర తిప్పిన, పూత లేని, ఎప్పుడూ ఒకే చోటి నుంచి వచ్చే పీసులకు అవి బాగానే ఉంటాయి. నా పద్ధతి మధ్యేమార్గం. కోడ్ కొట్టి దాచిన బరువు తెచ్చుకుంటాను, కొత్త లాట్ నుంచి 50 పీసులు చేత్తో లెక్కపెట్టి పళ్లెంలో వేస్తాను. కాటా 50 అంటే ముందుకు వెళ్తాను. 51 అన్నా 49 అన్నా ఆ బరువును పక్కన పెట్టి, ఆ లాట్‌కు కొత్త శాంపిల్ తీస్తాను. పూత వాషర్లు ఈ పరీక్షలో 52 దగ్గర దొరికిపోయేవి.

డబ్బా బరువు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సన్నటి పీసుల్లో పెద్ద గండి ఇక్కడే పడుతుంది. ఖాళీ డబ్బాలన్నీ ఒకే బరువనుకుని, ఒకదాన్ని తూచి ఆ టేర్‌నే, అంటే మొత్తంలోంచి తీసేయాల్సిన డబ్బా బరువునే, అన్నింటికీ వాడేస్తారు. రెండు డబ్బాల మధ్య ఐదు గ్రాముల తేడా ఉంటే ఎం6 నట్లలో అది రెండు నట్లు, ఎం3 వాషర్లలో నలభై పైచిలుకు. ఒక్కో డబ్బా మీద దాని బరువు రాసిపెట్టుకోవాలి, లేదా సరుకు పోసే ముందు ఖాళీ డబ్బాను పెట్టి టేర్ కొట్టాలి.

సరుకు ఇచ్చేటప్పుడు ఈ గొడవ అసలు లేకుండా చేయొచ్చు. నిండు డబ్బాను కాటా మీద పెట్టి టేర్ కొట్టి సున్నా చేసి, అందులోంచి పీసులు తీస్తూ పోతే కాటా మైనస్ గుర్తుతో తీసిన సంఖ్య చూపిస్తుంది. మైనస్ 40 రాగానే ఆపితే సరి. డబ్బా బరువెంతో తెలియాల్సిన పనే లేదు.

రెండు కాటాలు కలిపితే

అరవై కిలోల వాషర్ల పీపా లెక్కించాలంటే 150 కిలోల ప్లాట్‌ఫాం కాటా కావాలి. దాన్ని లోపల ఆరు లక్షల భాగాలు చేసినా ఒక్కోటి పావు గ్రాము. పది వాషర్ల శాంపిల్ 1.2 గ్రాములే కాబట్టి పది శాతం దాకా తప్పు వస్తుంది. అందుకని పక్కన మూడు కిలోల చిన్న కాటా పెట్టి, శాంపిల్ దాని మీద తీసి, ఆ యూనిట్ బరువును పెద్ద కాటాకు అందించే ఏర్పాటు చేస్తారు. ఇది నిజంగా పనికొచ్చే జోడీ. కాకపోతే రెండు కాటాలూ ఒకే రాళ్లతో సరిచేసి ఉండాలి, ఇందాక చెప్పిన నిష్పత్తి రక్షణ ఇక్కడ ఉండదు. ఇంకో మాట, ఆ పీపాలో ఐదు లక్షల వాషర్లుంటాయి. అందులో 0.1 శాతం తప్పంటే ఐదొందలు. ఆ ఐదొందల కోసం తల బద్దలు కొట్టుకునే వ్యాపారం మీదో కాదో మీరే చూసుకోవాలి. నేనైతే కొట్టుకోను.

ఒక్కొక్కటిగా లెక్కించే యంత్రం

కంపించే గిన్నె పీసులను వరసలో నడిపిస్తుంది, ఒక్కోటి కిందికి పడేటప్పుడు కాంతి కిరణాన్ని అడ్డుకుంటుంది, యంత్రం ఒకటి అని లెక్కేస్తుంది. పీసు బరువుతో సంబంధమే లేదు. పూత వేసినా, తేమ పట్టినా, అచ్చు మారినా పట్టించుకోదు. తూకంతో వచ్చే తంటాలన్నీ దీనికి లేవు, కానీ దీని తంటాలు దీనికున్నాయి. రెండు పీసులు అతుక్కుని పడితే ఒకటే అంటుంది. స్ప్రింగులు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, ఓ-రింగులు అంటుకుంటాయి, రెండూ దీనికి గిట్టవు. చప్పుడు ఎక్కువ, పీసు మారినప్పుడల్లా సర్దుబాటు ఎక్కువ. ఒకే రకం పీసును రోజంతా ప్యాకెట్లలో నింపే చోట ఇది కాటాను ఓడిస్తుంది. రోజుకు నలభై రకాలు వచ్చే స్టోర్స్‌లో మాత్రం ఓ మూల దుమ్ము పట్టి కూర్చుంటుంది.

చుట్టలుగా వచ్చే సన్నటి ఎలక్ట్రానిక్ పీసుల మీద మాత్రం ఏ కాటా అయినా దండగే. టేపూ, చక్రమూ కలిపి పీసులకంటే ఎన్నో రెట్లు బరువుంటాయి. టేపు మీద పీసుకూ పీసుకూ మధ్య దూరం స్థిరం కాబట్టి అక్కడ పొడవును బట్టి లెక్కించే యంత్రమో, చుట్టను విప్పకుండానే ఎక్స్-రేతో చూసి లెక్కపెట్టే యంత్రమో కావాలి.

మరి ఏది కొనాలి?

చిక్కుపడే స్ప్రింగులూ, అంటుకునే రబ్బరు రింగులూ ఎక్కువైతే కౌంటింగ్ కాటాకు ఎదురు లేదు. చేత్తో విడదీస్తూ లెక్కపెట్టడం నరకం, సెన్సర్ యంత్రం వాటిని మింగలేదు, కాటాకు చిక్కుముడితో పనే లేదు. రబ్బరులో బరువు తేడా ఎక్కువ కాబట్టి శాంపిల్ మాత్రం వందకు తగ్గకూడదు. రెండు గ్రాములు దాటిన నట్లూ బోల్టులూ మాత్రమే ఉండి, అవీ ఎప్పుడో నెలకోసారి వస్తుంటే, ఉన్న మామూలు కాటాతో ఐదొందల శాంపిల్ పద్ధతి చాలు, కొత్తది కొనక్కర్లేదు. వేర్వేరు పొడవుల స్క్రూలు కలిసిపోయే అలవాటున్న చోట ఏ కాటా కొన్నా ముందు ఏరిపెట్టే మనిషి కావాలి. సరుకు అమ్మేవాళ్లయితే వెయ్యి ప్యాకెట్‌లో నాలుగైదు కొసరు వేసి పంపడం చాలామంది చేసే పనే. లెక్కలో తప్పు ఎంతో తెలిస్తే ఆ కొసరు ఎంత వేయాలో కూడా తెలుస్తుంది.

కౌంటింగ్ కాటా కొనాలనే నిర్ణయించుకుంటే, కరపత్రంలో లోపలి భాగాల సంఖ్య చూసి మురిసిపోకుండా, ఆ కాటా ఒప్పుకునే అతి తక్కువ పీసు బరువెంతో అడగండి. మీ దగ్గరున్న అన్నింటికంటే సన్నటి పీసులు చేత్తో లెక్కపెట్టిన 200 జేబులో వేసుకెళ్లండి. అందులో పది వేసి శాంపిల్ చేసి, మిగతా నూట తొంభై ఒకేసారి పోసి చూడండి. తర్వాత అన్నీ తీసేసి, పదితో మొదలుపెట్టి గుప్పెడు గుప్పెడుగా పోసి చూడండి. మొదటిసారి రెండు మూడు అటూ ఇటూ వచ్చినా కంగారు పడొద్దు. రెండోసారి కూడా 200 రాకపోతే ఆ కాటా మీ పీసులకు సరిపోదు.